ఏడో పాట

(డిసెంబరు చివరి ఆదివారం సాయంత్రం నెల్లూరులో పాటల ప్రియులు కలుసుకున్న సభలో, ఒకప్పుడు క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ నడిపిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట్ల మాత్రం కత్తిరించాం.)

అందరికీ నమస్కారం. అబ్బయ్యా, ఆ మైకు కొంచెం కిందికి దించు. ఆ... చాలు.

నా ముందు మాట్లాడినాయన ఈ ఏడాది పాటల లెక్కంతా చెప్పేశారు కాబట్టి నాకు పని తగ్గింది. నేను పాటల గురించి కాదు, ఈ ఏటి తగవు గురించి చెప్తాను. పదిహేను రోజులుగా సాయంత్రం పూట టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళందరికీ ఆ తగవేందో తెలుసు. ఒక ఇంగ్లీషు పత్రిక ఈ సంవత్సరపు మేటి ఆల్బమ్‌లని యాభై పేర్లు వేసింది. అందులో తెలుగుది ఒక్కటీ లేదు. అది మొదటి కోపం. ఇంకోచోట మన దేశం వరకే జాబితా వేశారు. అందులో తెలుగుది ఉంది గానీ మనవాళ్ళు అనుకున్నది కాదు. ఇది రెండో కోపం, మొదటిదానికంటే పెద్దది.

డిగ్రీ చదివే కుర్రాడొకడు గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి నన్నే అడిగాడు: "వీళ్ళెవరు మనకి చెప్పడానికి?"

మంచి ప్రశ్న. నేను అప్పుడు జవాబు చెప్పలేదు. ఎందుకంటే ముప్పై ఏళ్ళ క్రితం ఆ 'వీళ్ళు' నేనే. (నవ్వులు)

కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా. 1984 నుంచి 2001 దాకా ట్రంకు రోడ్డు పక్క సందులో నాకు రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఎనిమిదడుగుల కొట్టు. రెండు క్యాసెట్ డెక్కులు, ఒక టర్న్‌టేబుల్, ఆంప్లిఫయరు, స్పిరిట్ సీసా, దూది. రోజుకి రెండుసార్లు స్పిరిట్ దూదితో హెడ్డు తుడవాలి, లేకపోతే పాట కంబళి కప్పుకుని పాడినట్టు ఉండేది. చట్టం లెక్కన మేం చేసేది తప్పే. ఒకరి పాటని ఇంకొకరికి ఎక్కించి డబ్బులు తీసుకోవడం. అప్పట్లో ప్రతి ఊళ్ళో అలాంటి కొట్లు ఉండేవి, అంతకుమించి సమర్థించుకోను. అప్పుడు ఆల్బమ్ అంటే మాకు పెళ్ళి ఫోటోలది. పాటలదాన్ని క్యాసెట్టనే అనేవాళ్ళం.

జనం చీటీ రాసుకుని వచ్చేవాళ్ళు. పల్లవి మొదటి ముక్క, సినిమా పేరు. కొందరికి సినిమా పేరు తెలియదు, కౌంటరు ముందు నిలబడి సిగ్గుపడుతూ పాడి వినిపించేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్టు అంటే పక్కకి ముప్పై నిమిషాలు. పాట సుమారు నాలుగున్నర నిమిషాలు వేసుకుంటే ఆరు పాటలకి ఇరవై ఏడు నిమిషాలు. ఇంక మూడు నిమిషాలు మిగిలేది. ఏడో పాట రాసుకొస్తే రెండో చరణంలో ఎక్కడో టక్కుమని తెగేది. నేను ముందే చెప్పేవాణ్ణి, "ఏడోది తెగుద్ది, వెయ్యనా వద్దా?" అని. చాలామంది వద్దనేవాళ్ళు. కొందరు మాత్రం, "తెగినంత వరకే వింటాలే, వెయ్యి" అనేవాళ్ళు.

ఆ కొందరి చీటీలు చూసే నాకు పాటల గురించి తెలిసిందంతా తెలిసింది. మొదటి ఆరు పాటలు ఆ సీజన్లో వచ్చిన అందరి చీటీల్లోనూ అవే ఉండేవి. కోవూరు నుంచి వచ్చినా అవే, అల్లూరు నుంచి వచ్చినా అవే. ఏడోది మాత్రం ఎవరిది వాళ్ళదే. వారం కూడా ఆడని సినిమాలో పాట. ఒక జోలపాట. డబ్బింగ్ సినిమాలో ఎవరూ పట్టించుకోని పాట. బస్సు కండక్టరు ఒకాయన ఏ క్యాసెట్టు చేయించుకున్నా ఏడో స్థానంలో ఘంటసాల గారి పుష్పవిలాపం పద్యమే రాసేవాడు. అది ప్రతిసారీ తెగేది. "సగం పూలు బతికినై గదన్నా" అనేవాడు. మనుషుల పేర్లు మర్చిపోయాను, ఏడో పాటలు మర్చిపోలేదు.

సరే, 1991 డిసెంబరు. కొట్టు బయట నల్లబల్ల ఒకటి పెట్టి సుద్దముక్కతో రాశాను: 'ఈ ఏటి మేటి పది క్యాసెట్లు'. ఒకటి నుంచి పది దాకా. నాకు ఈ బుద్ధి పుట్టింది ఎక్కడో కాదు, రేడియో సిలోన్ నుంచే. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో బుధవారం రాత్రి ఎనిమిదింటికి బినాకా గీత్‌మాలా పెట్టేవాళ్ళు. హిందీ ఒక్క ముక్క రాకపోయినా పెట్టేవాళ్ళు. 1952లో మొదలైన కార్యక్రమం అది. దాన్ని నడిపే అమీన్ సయానీ గారు ఒక్కో పాటని ఒక్కో మెట్టు ఎక్కించేవాడు, సంవత్సరం చివర ఆ ఏటి పాటలన్నిటికీ కలిపి పెద్ద మెట్ల వరుస. దేశమంతా పందేలు కాసేది. రికార్డులు ఎన్ని అమ్ముడుపోయాయి, శ్రోతల సంఘాల వాళ్ళు ఏం కోరారు అని చూసి ఆ వరుస కట్టేవాళ్ళు. అంటే విమర్శకుడి జాబితా కాదది, జనం జాబితా. పైగా టూత్‌పేస్టు కంపెనీ డబ్బులతో నడిచింది. అయినా ఇంటర్నెట్టు లేని రోజుల్లో, సంవత్సరం చివర జాబితా చూసి తిట్టుకునే అలవాటు మనకి ఏ అమెరికా వాడూ నేర్పలేదని చెప్పడానికి చెప్తున్నా.

నా నల్లబల్ల సంగతికి వస్తాను. మొదటి రోజు జనం గుమిగూడి చూశారు. రెండో రోజు వాదనలు. మూడో రోజు పొద్దున కొట్టు తీసేసరికి బల్ల తుడిచేసి ఎవరో కొత్తగా రాసి పోయారు. వాళ్ళ హీరో సినిమా ఒకటో నంబరు. రెండో నంబరూ ఆయనదే. (నవ్వులు) అక్షరదోషాలతో సహా నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను దాన్ని తుడవలేదు. పక్కన ఇంకో బల్ల తెచ్చి నాది మళ్ళీ రాసి, దాని మీద 'కొట్టు వాడి మాట' అనీ, దీని మీద 'జనం మాట' అనీ రాశాను. సంక్రాంతి దాకా ఆ రెండు బల్లల మధ్య నిలబడి కొట్లాడుకోవడానికి వచ్చిన వాళ్ళతో సందు నిండిపోయింది. వ్యాపారం కూడా బ్రహ్మాండంగా సాగింది.

ఇప్పుడు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ బల్ల మీద మూడో నంబరు అబద్ధం.

మద్రాసు నుంచి సరుకు ఇచ్చే డిస్ట్రిబ్యూటరు నాకు ఇరవై అయిదు ఒరిజినల్ క్యాసెట్లు అంటగట్టాడు. సినిమా పోయింది, పాటలూ పోయాయి. పేరెందుకులెండి. ఆ సరుకు వదిలించుకోవాలి. ఒకటో స్థానంలో పెడితే ఎవరూ నమ్మరు. పదిలో పెడితే ఎవరూ కొనరు. మూడులో పెట్టాను. మూడో స్థానంలో ఉన్నదాన్ని జనం అనుమానించరు, 'మనం సరిగ్గా వినలేదేమో' అనుకుంటారు. పందొమ్మిది అమ్ముడుపోయాయి. అప్పట్నుంచి ఏ పత్రిక జాబితా చూసినా ముందు మూడో నంబరు వైపు చూస్తాను. నేను దొంగని కాబట్టి దొంగ చూపు. కాబట్టి "వీళ్ళెవరు" అన్న మన కుర్రాడి ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. జాబితా వేసినవాడి కొట్లో ఏ సరుకు మిగిలిపోయిందో అడగాల్సిందే.

కానీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతే మనకే నష్టం. ఎందుకో చెప్పడానికి ఇంకో దేశం పోయి రావాలి.

న్యూయార్కులో విలేజ్ వాయిస్ అని ఒక వారపత్రిక ఉండేది. వాళ్ళు 1971లో ఒక ఓటింగు మొదలుపెట్టారు, 1974 నుంచి ఏటా జరిపారు. జాజ్, పాప్ అన్న మాటల మొదటి అక్షరాలు తారుమారు చేసి 'పాజ్ అండ్ జాప్' అని పేరు పెట్టారు, మనవాళ్ళు తిరగేసి మాట్లాడే దొంగభాష లాగా. దాన్ని నడిపినాయన రాబర్ట్ క్రిస్ట్‌గౌ. ఆయన ఆల్బమ్‌లకి బడిలో పంతుల్లాగా ఏ, బీ, సీ గ్రేడులు ఇచ్చేవాడు. ఆ ఓటింగు పద్ధతి వినండి. ప్రతి విమర్శకుడికీ వంద పాయింట్లు. పది ఆల్బమ్‌లకి పంచాలి. ఏ ఒక్కదానికీ ముప్పై దాటకూడదు, అయిదుకి తగ్గకూడదు. అందరివీ కలిపి కూడితే ఆ ఏటి వరుస వస్తుంది.

ఎంత బాగుందో చూడండి. 'నాకు నచ్చింది' అంటే చాలదు, ఎంత నచ్చిందో పాయింట్లలో చెప్పాలి. దానికి ముప్పై ఇస్తే ఇంకోదానికి తగ్గించాలి. ప్రేమకి కూడా బడ్జెట్ ఉంది.

పోయిన నెల మేం తొమ్మిది మందిమి ఇదే పద్ధతిలో ఓటేసుకున్నాం. ఈ ఏడాది పాటల మీద వేస్తే తలకాయలు పగులుతాయని వెనక్కి పోయి 1989 పట్టుకున్నాం. బాగా పండిన సంవత్సరం. పది ఎక్కువవుతాయని అయిదు పెట్టుకున్నాం: గీతాంజలి, శివ, ప్రేమ, ముద్దుల మావయ్య, సూత్రధారులు. మొదటి మూడూ ఇళయరాజా, చివరి రెండూ మామ మహదేవన్. దాదాపు అన్నిట్లోనూ బాలూనే. నెల్లూరులో కూర్చుని ఓటేస్తున్నాం కదా, ఎవరు గెలిచినా మనవాడే గెలిచినట్టు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాం.

చీటీలు విప్పితే ఏమైందంటే, నలుగురు గీతాంజలికి ముప్పై ఇచ్చారు. ముగ్గురు ముద్దుల మావయ్యకి ముప్పై. ఇద్దరు సూత్రధారులకి. ప్రేమకి ముప్పై ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. కానీ తొమ్మిది మందీ దానికి ఇరవై అయిదు చొప్పున ఇచ్చారు. కూడితే రెండువందల ఇరవై అయిదు. గీతాంజలికి వచ్చింది రెండువందల అయిదు. అంటే ఎవడి మొదటి ప్రేమా కాని 'ప్రేమ' గెలిచింది. (నవ్వులు)

ఇంతా చేసి గీతాంజలి నచ్చనివాడు మాలో ఎవడూ లేడు. ముద్దుల మావయ్య బ్యాచ్‌లో ఒకాయన్ని అడిగాను, "పదిహేనేనా సామీ, మనసెట్టా ఒప్పింది?" అని. "ఎట్టాగూ అదే గెలుస్తుంది గదా, నేను కూడా ఎందుకియ్యాల అనుకున్నా" అన్నాడు. ముగ్గురూ అదే లెక్క వేసుకున్నారు. చూశారా? జాబితా పైన కనిపించే పేరు వెనక ఇలాంటి లెక్కలుంటాయి. అది ఒకరి తీర్పు కాదు. చాలామందికి అభ్యంతరం లేని పేరు, అంతే. పెళ్ళిచూపుల్లో అందరికీ ఫర్వాలేదనిపించిన సంబంధం లాంటిది.

రోలింగ్ స్టోన్ పత్రిక సంగతి కూడా ఇలాంటిదే. అది ఒక ఏడాది జాబితా కాదు, ఇప్పటిదాకా వచ్చిన వాటిల్లో మేటి అయిదువందలు. 2003లో వేసినప్పుడు బీటిల్స్ వాళ్ళ సార్జంట్ పెప్పర్ ఆల్బమ్‌ది ఒకటో స్థానం. 2020లో కొత్త వాళ్ళతో మళ్ళీ ఓట్లు వేయించారు. మార్విన్ గే అనే గాయకుడి ఆల్బమ్ ఒకటో స్థానానికి వచ్చింది, సార్జంట్ పెప్పర్ ఇరవై నాలుగుకి పోయింది. పదిహేడేళ్ళలో ఆ రికార్డులో ఒక్క స్వరం మారలేదు. మారింది చీటీ రాసే చేతులు. మేం 1989కి వేసిన ఓటు ఈ వెనక వరసలో కూర్చున్న పిల్లలు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, శివ పైకొస్తుంది. వద్దులే బాబూ, చేతులు ఎత్తొద్దు.

ఇంక గడువు సంగతి. మన కుర్రాళ్ళ కోపంలో నాకు బాగా నచ్చిన పాయింటు ఇది. "డిసెంబరు ఒకటో తారీఖుకే సంవత్సరం అయిపోయిందా వీళ్ళకి?" అన్నారు. నిజమే. 2013లో డిసెంబరు పదమూడో తారీఖున బియాన్సే ముందు మాటైనా చెప్పకుండా రాత్రికి రాత్రి ఆల్బమ్ విడుదల చేసింది. అప్పటికే చాలా పత్రికలు తమ జాబితాలు అచ్చేసి కూర్చున్నాయి. మరుసటేడు డిసెంబరు పదిహేనున డియాంజెలో అనే గాయకుడు పద్నాలుగేళ్ళ తర్వాత ఆల్బమ్ తెచ్చాడు. ఇందాక చెప్పిన విలేజ్ వాయిస్ వాళ్ళు జనవరి దాకా ఆగేవాళ్ళు కాబట్టి అక్కడ అదే ఒకటో స్థానంలో నిలిచింది. తొందరపడ్డ వాళ్ళ జాబితాల్లో అది అసలు లేదు.

మన దగ్గర ఇది ఇంకా చిక్కు. 'అల వైకుంఠపురములో' తీసుకోండి. 2019 సెప్టెంబరులోనే దాని మొదటి పాట బయటికొచ్చింది. దసరా, దీపావళి, క్రిస్మస్, అన్ని పండగలకీ మనం దాన్నే విన్నాం. సినిమా వచ్చింది 2020 సంక్రాంతికి. జాతీయ అవార్డు 2020 లెక్కలో ఇచ్చారు. మరి అది ఏ ఏటి ఆల్బమ్? చెవి లెక్కలో 2019, కాగితం లెక్కలో 2020. సంక్రాంతి సినిమా పాటలన్నిటికీ ఈ గతే. అసలు నెలకొక పాట చొప్పున వదిలితే అది ఆల్బమ్ ఎట్టా అవుతుంది? ఎల్‌పీ రికార్డుల రోజుల్లో ఏ పాట తర్వాత ఏ పాట రావాలి, పక్క తిప్పాక దేంతో మొదలవ్వాలి అని ఆలోచించేవాళ్ళు. ఇప్పుడు ఆ వరుస లేదు. వరుస లేని వాటిని తీసుకుని వరుస కడుతున్నాం. ఇది నా చాదస్తం, వదిలేయండి.

మన నెల్లూరు చేపల పులుసు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇవాళ వండితే రేపు తినాలి. పాటలు కూడా కొన్ని అట్టాంటివే. డిసెంబరులో రుచి చూసి ఇంతేనా అన్నవాణ్ణి తప్పుపట్టలేం. వాడు వండిన రోజు తిన్నాడు.

గడువు దాటిపోవడమంటే ఎంత దాకా పోతుందో చెప్తాను. మన సంగీతంలో అన్నిటికన్నా గట్టి జాబితా ఏది? త్రిమూర్తులు. త్యాగయ్య, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు, మూడే పేర్లు. తిక్కన గారి ఊళ్ళో ఉన్నాం కాబట్టి కవిత్రయం అనే ఇంకో జాబితా మీద నేను నోరెత్తను, అందులో మనవాడున్నాడు. త్రిమూర్తుల్లో కూడా మనకి అన్యాయమేం జరగలేదు. ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారు గానీ, త్యాగయ్య గారి పూర్వీకులది పాత ప్రకాశం జిల్లా కాకర్ల. శ్యామశాస్త్రి గారి పూర్వీకులది అదే జిల్లా కంభం. మూడింట రెండు మనవే. కానీ ఆ జాబితాలో అన్నమయ్య ఎందుకు లేడు? త్యాగయ్య కంటే మూడువందల ఏళ్ళ ముందువాడు, వేలకు వేలు సంకీర్తనలు రాసినవాడు. ఎందుకంటే ఆయన పాటలున్న రాగిరేకులు తిరుమల గుడిలో చీకట్లో ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో, 1922 ప్రాంతంలో బయటపడ్డాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు లాంటివాళ్ళు కూర్చుని వాటిని చదివి అచ్చేశారు. అప్పటికి మూడు పేర్ల జాబితా జనం నాలుకల మీద ముదిరిపోయింది. అన్నమయ్యది డిసెంబరు పదమూడున వచ్చిన ఆల్బమ్. (చప్పట్లు)

చప్పట్లు ఉంచండి, తిట్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు మన గురించి మాట్లాడుకుందాం.

ఇంగ్లీషు వాళ్ళ జాబితాలో మనం లేమని కోపం. మరి మన జాబితా ఎక్కడుంది? మన దగ్గర పాటల గురించి రాసేది ఏంది? సినిమా సమీక్ష చివర్లో ఒక వాక్యం. "సంగీతం ఫర్వాలేదు." లేదంటే "పాటలు వినసొంపుగా ఉన్నాయి, ఛాయాగ్రహణం బాగుంది." సంగీత దర్శకుడి ఆర్నెల్ల కష్టాన్ని కెమెరాతో కలిపి ఒకే వాక్యంలో కట్టేస్తాం. ఆ పాటలో రెండో చరణానికి ముందు ఫ్లూటు ఎందుకు ఆగింది, కోరస్ ఎందుకు ఒక స్థాయి కింద పాడారు అని రాసేవాడు ఏడి? విమర్శ లేని చోట మిగిలేది రెండే. ఒకటి వ్యూస్ లెక్క. ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని కోట్లు అని పోస్టర్ వేస్తారు. రాత్రంతా ఫోను పక్కన పెట్టి అదే వీడియో తిప్పే కుర్రాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, నేను వేలు చూపించను. అది వినడం కాదు, కాపలా కాయడం. రెండోది అవార్డు. నంది అవార్డులు 1964 నుంచి ఇచ్చారు, 2014, 15, 16 మూడేళ్ళవి కలిపి 2017లో ఒకేసారి ప్రకటించారు, అప్పుడెంత రచ్చ జరిగిందో చూశాం, ఆ తర్వాత ఆగిపోయాయి. దాని గురించి ఇంతకన్నా అనవసరం.

అయితే మనకి విమర్శ అస్సలు లేదంటే కళ్ళు పోతాయి. వారం వారం మన ఇళ్ళలోకి వచ్చి పాటని విప్పి చూపించినాయన ఒకడున్నాడు. ఆయన ఇల్లు ఇక్కడికి దగ్గరే, తిప్పరాజువారి వీధి. 2020 ఫిబ్రవరిలో ఆ ఇంటిని కంచి మఠానికి ఇచ్చేసి, అదే ఏడాది సెప్టెంబరులో వెళ్ళిపోయాడు. 1996లో బాలు గారు టీవీలో పాటల పోటీ మొదలుపెట్టినప్పుడు మనం పిల్లలు పాడతారని చూశాం. కానీ మనం నిజంగా విన్నది పాటకీ పాటకీ మధ్య ఆయన మాటలు. ఈ పాట ఎవరు రాశారు, ట్యూన్ కట్టేటప్పుడు ఏం జరిగింది, ఈ మాట దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, 'శ' కి 'స' పలికితే అర్థం ఎట్టా పాడవుతుంది. అంతా చెప్పిన తర్వాతే మార్కులు. మార్కులు మనకి గుర్తులేవు, ఆ మాటలు గుర్తున్నాయి. నాకు సంగీత విమర్శ అంటే అదే. నంబరు పక్కన కారణం ఉండాలి. కారణం లేని నంబరు ఎవరిదైనా సరే, ఇంగ్లీషు పత్రికదైనా, అభిమాన సంఘానిదైనా, పక్కన పెట్టండి. కారణం ఉంటే, మీకు నచ్చని నంబరైనా సరే, చదవండి.

ఇంకొకటి. జాబితా ఎప్పుడూ కింది నుంచి చదవండి. ఒకటి, రెండు, మూడు మీకు ముందే తెలుసు, వాటి మీద కొట్లాడ్డానికి తప్ప పనికిరావు. ఆ రాసినవాడు మనిషిగా కనపడేది ఏడు దాటాకే. అక్కడ వాడికి ఎవరి మెప్పూ అక్కర్లేదు. తెగినంత వరకే వింటాలే అనే చోటు అది.

నా నల్లబల్ల మీద ఏడో నంబరు ఏంటో చెప్పలేదు కదా. షేక్ చినమౌలానా గారి నాదస్వరం క్యాసెట్టు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన మహానుభావుడు. సినిమా పాటల బల్ల మీద అది చూసి అందరూ నవ్వారు. "ఏందన్నా, పెళ్ళి బాజా కూడా పెట్టినావు?" అన్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళు ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది 1998లో. నా బల్ల వాళ్ళకంటే ఏడేళ్ళు ముందు. (నవ్వులు) అది నా గొప్ప కాదులెండి, మా నాన్న గుళ్ళో కూర్చోబెట్టి వినిపించిన పుణ్యం.

మూడో నంబరు పందొమ్మిది అమ్ముడుపోయింది అన్నాను కదా. ఏడో నంబరు ఒక్కటి. ఇందుకూరుపేట వైపు నుంచి ఒక ఇంటర్ కుర్రాడు వచ్చి కొన్నాడు. సంగీతం మీద ప్రేమతో కాదు. మాఘమాసంలో వాళ్ళ అక్క పెళ్ళి, మేళం పెట్టించే స్తోమత లేదు. మైకుసెట్టులో క్యాసెట్టు వేస్తే సరిపోతుందని లెక్క. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. "అన్నా, దీంట్లో గట్టిమేళం ఎక్కడుందో కనపడలా" అన్నాడు.

కచేరీ క్యాసెట్టులో గట్టిమేళం ఎందుకుంటుంది? వాడికి అది ఎట్టా చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి కొట్టు మూసి, షట్టరు సగం దించి, కూర్చుని రెండు పక్కలా విన్నాను. బీ పక్కన ఒకచోట తవిల్ మీద తని, అంటే డోలు ఒక్కటే, వాయిస్తారు. చివరికొచ్చేసరికి ఉరుములాగా ఉంటుంది. గట్టిమేళానికి అది చాలు. డెక్కు మీద, టేపు ఎంత తిరిగిందో చూపే కౌంటరు అంకె చూసి చీటీ మీద రాసిచ్చాను: '412 దగ్గర ఆపుకో. ముహూర్తం ముందు సిద్ధంగా పెట్టుకో. తాళి ఎత్తగానే నొక్కు.' కుర్రాడు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పోయిన ఏడాది బస్టాండులో బట్టతల మనిషి ఒకాయన నన్ను ఆపి "నాలుగువందల పన్నెండు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పాడు. నా డెక్కులో కౌంటరు వేరు, మైకుసెట్టు వాడి టేప్‌రికార్డరులో కౌంటరు వేరు అని నాకు తట్టలేదు. అంత ముఖ్యమైన సంగతి చెప్పకుండా పంపించాను. అక్కడ 412 దగ్గర తవిల్ లేదు. పురోహితుడు చెయ్యెత్తి ఊపుతున్నాడు, బావ తాళి పట్టుకుని వంగి ఉన్నాడు, వీడు టెన్షన్‌తో బటన్ నొక్కాడు. ఆలాపన మొదలైంది. మెల్లగా, తొందరేమీ లేకుండా. మైకుసెట్టు వాడు ఆపబోతే వాళ్ళ తాత వద్దన్నాడట. మూడు ముళ్ళూ ఆ ఆలాపనలోనే పడ్డాయి.

నేను క్షమించమన్నాను. "క్యాసెట్టు ఇంకా ఉందన్నా, అక్క వాళ్ళింట్లో. టేపు అతుక్కుపోయింది, పాడదు. దాన్ని బాగుచేసే వాళ్ళెవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. ఆ పని మీదే ఇప్పుడు వెతుకుతున్నాను. ఈ హాల్లో ఎవరి దగ్గరన్నా పనిచేసే డెక్కు ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి.

నా టైము ఎప్పుడో అయిపోయింది, అధ్యక్షుల వారు వాచీ చూసుకుంటున్నారు. వెనక బల్ల మీద చీటీలున్నాయి, పెన్నులు మీవే. ఈ ఏడాది తెలుగు ఆల్బమ్‌లు, పది. వంద పాయింట్లు. ఒకదానికి ముప్పై దాటితే చీటీ చెల్లదు, అయిదుకి తగ్గినా చెల్లదు. ప్రతి పేరు పక్కన ఒక్క వాక్యం కారణం. కింద మీ పేరు. ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుందో తెలియని సంక్రాంతి సినిమాలకి జనవరి ఇరవై దాకా గడువు పొడిగించాం. టీ వస్తోంది.